అయిదో కాగితం

కంపెనీ వసతి గది, మూడో అంతస్తు
జనవరి 19

వదిన గారికి,

ఫోన్ పెట్టేసే ముందు మీరొక మాటన్నారు. "పోట్లాడాలనుంటే కాగితం మీద పోట్లాడు. రేపు అనలేదని తప్పించుకోకుండా ఉంటావు" అని. సరే, కాగితం మీదే పోట్లాడుతున్నాను. దాచుకోండి.

ఈ దేశంలో ఉన్న మన కంపెనీ ఫ్యాక్టరీకొచ్చి మూడు వారాలైంది. అక్కడ మనం పోసే చుక్కల మందులే ఇక్కడా పోస్తారు. అదే సీసా, అదే మూత, అదే బెల్టు. బెల్టు పక్కన మాత్రం ఎత్తు స్టూళ్ళుంటాయి. మొదటిరోజు మధ్యాహ్నం దాకా నేను స్టూలు పక్కన నిలబడే సీసాలు చూశాను. నాతో చెకింగ్ చేసే ఆవిడ, ఎర్ర కళ్ళజోడు పెట్టుకుంటుంది, "ఏం, కూర్చుంటే నడుం నొప్పా?" అని అడిగింది. వెక్కిరింపేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగింది. పద్నాలుగేళ్ళు నేను నిలబడి చేసిన పని కూర్చుని చేసే పనేనని ఆ పూట తెలిసింది. కూర్చుంటే నిద్రపోతారని, నేను చేరకముందే మన హాల్లో స్టూళ్ళు తీయించింది ఎవరో గుర్తుందా? మీరే.

నాలుగు కొడితే ఇక్కడ హాలు ఖాళీ. మొదటి వారం నేనింకా బల్ల దగ్గరే తచ్చాడుతుంటే ఎర్ర కళ్ళజోడు, "నీకు పని మిగిలిందంటే ఎవరో ఎక్కువ ఇచ్చారన్నమాట. ఎవరో చెప్పు, మాట్లాడదాం" అంది. మన దగ్గర పని మిగిలితే చేతకాని మనిషి. ఇక్కడ పని మిగిలితే లెక్క తెలియని పై అధికారి.

అన్నిటికన్నా నన్ను కుదిపింది ఒక పుస్తకం. గోడకి మేకు కొట్టి లావుపాటి అట్టల పుస్తకం వేలాడదీశారు. దానికి దారంతో కట్టిన పెన్ను. ఎవరు తప్పు చేస్తే వాళ్ళే తమ చేత్తో, తమ పేరుతో రాయాలి. ఇంకొకరి తప్పు రాయడానికి వీల్లేదు. రాసినందుకు మెమో రాదు. సోమవారం పొద్దున పావుగంట బెల్టు ఆపి చదువుతారు. ఎవరు చేశారని అడగరు, ఆ తప్పు చేయడం అంత తేలికగా ఎందుకుందని అడుగుతారు. మొన్న షిఫ్టు పెద్దే లేచి, గళ్ళచొక్కా తప్ప ఇంకోటి వేసుకోడాయన, "తేదీ ముద్ర చూడకుండా ఊఁ అన్నాను" అని చదివాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన తరఫున నేనే తల దించుకున్నాను.

అప్పుడు మన 'లైను ఖాళీ' కాగితాలు గుర్తొచ్చాయి. మీకు తెలియనిది కాదు, కాగితం మీద పెట్టమన్నారు కనుక పెడుతున్నాను. ఒక మందు అయిపోయి ఇంకోటి మొదలుపెట్టే ముందు, బెల్టు మీద పాత సీసాలు, మిషన్లో పాత లేబుళ్ళ చుట్ట లేవని చెకింగ్ మనిషి, ఇన్‌చార్జి కళ్ళతో చూసి సంతకం పెట్టాల్సిన కాగితం. రోజుకి నాలుగుసార్లు. మనం పొద్దున్నే టీ తాగుతూ నాలుగింటి మీదా ఒకేసారి పెట్టేసేవాళ్ళం. టైము కలిసొస్తుందని మీరు నేర్పిన విద్య.

సిగ్గేసింది. మీకు వేయదని తెలుసు.

మీ మరదలు


ప్యాకింగ్ హాలు, గాజు గది
ఫిబ్రవరి 4

విదేశీ మరదలికి,

మూడు వారాల్లో ముప్ఫై ఏళ్ళ తెలివి సంపాదించావు, సంతోషం. ఇంకో మూడు వారాలుంటే మా తమ్ముణ్ణి కూడా ఆ పుస్తకంలో తప్పుల కింద రాసేసేట్టున్నావు.

స్టూళ్ళు తీయించింది నేనే. నిమిషానికి సీసాలు పెంచాలని పైనుంచి కాగితం వస్తే తీయించాను. ఆ కాగితం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా చూశావా? ఇప్పుడు నువ్వు స్టూలెక్కి కూర్చున్న చోటు నుంచే. కింద సంతకం అక్కడి షిఫ్టు పెద్దది. ఆయన ఏ చొక్కా వేసుకుంటాడో నాకు తెలీదు, సంతకం మాత్రం తెలుసు.

నాలుగింటికి ఇళ్ళకి వెళ్ళిపోతారని మురిసిపోయావు. వెళ్తూ వెళ్తూ బల్ల సర్దుకుంటూ వాళ్ళొక మెయిలు కొడతారమ్మా. మనం పొద్దున హాలు తలుపు తీసేసరికి వచ్చి కూర్చుంటుంది. "రేపటికి ఇన్ని పెట్టెలు" అని. వాళ్ళ రేపంటే మనకి అప్పటికే ఇవాళ. రోజుకి రెండు మందులు నడిచే లైను మీద నాలుగు నడపమన్నది వాళ్ళే. ప్రతిసారీ లైను ఖాళీ చేసి చూడాలంటే నలభై నిమిషాలు. నాలుగు నలభైలు నేనెక్కణ్ణుంచి తేను, ఇంటి నుంచి తెచ్చుకోనా? టీ తాగుతూ సంతకాలు పెట్టడం నేను కనిపెట్టిన విద్య కాదు, వాళ్ళ మెయిలు నాకు నేర్పిన విద్య. వాళ్ళు కూర్చోగలిగేది మనం నిలబడుతున్నాం కనుక. అది స్టూలు మీద నుంచి కనపడదులే.

ఇంకో మాట. అంత పొడుగు ఉత్తరంలో ఒక మనిషి ఊసు లేదు. సిగ్గేసిందని రాశావు, ఎవర్ని తలుచుకుని వేసిందో రాయలేదు. నేను రాస్తాను. లేబుల్ పిన్ని. పద్దెనిమిదేళ్ళు లేబుల్ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి. మూడేళ్ళ కిందట చెవి మందు సీసాలు అరవై, కంటి మందు లేబుళ్ళతో బయటికి పోయాయి. మిషన్లో పాత చుట్ట తీయకుండా వదిలేసింది పిన్నేనని విచారణలో నేను చెప్పాను, నువ్వు అవునన్నావు. ఎవరో మందుల షాపతను కళ్ళు తెరుచుకుని ఉన్నాడు కనుక ఎవరి కళ్ళూ పోలేదు. పిన్ని ఉద్యోగం పోయింది. ఆవిడ ఇప్పటికీ లేబర్ ఆఫీసు మెట్లెక్కుతూనే ఉంది. చుట్ట సంగతి ఆ రోజే కాగితం మీద రాశానని ఒకటే పాట. ఆ కాగితం విచారణలో అందరం చూశాం. మనిద్దరి సంతకాలు తప్ప దాని మీద ఏమీ లేదు.

ఆ తర్వాతే నిన్ను 'మచ్చలేని రికార్డు' అని అక్కడికి ఎంచి పంపారు. కూర్చో, హాయిగా కూర్చో.

నీ ఆడపడుచు


కంపెనీ వసతి గది
ఫిబ్రవరి 24

వదినా,

గారు తీసేశాను. ఇక్కడ షిఫ్టు పెద్దనే పేరు పెట్టి పిలుస్తున్నాను, ఆకాశమేం ఊడిపడలేదు.

మెయిలు సంగతి మీరన్నది నిజం. గళ్ళచొక్కాని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "మీవాళ్ళు కుదరదని ఒక్కసారి కూడా రాయలేదే. ప్రతి మెయిలుకీ 'తప్పకుండా' అనే జవాబు" అన్నాడు. వెనక్కి వెళ్ళి చూశాను. నిజమే, ఆరేళ్ళ తప్పకుండాలు. కింద మీ పేరు. వాళ్ళు అడగడం ఎంత దుర్మార్గమో, ఆ మాట మీద మీరు ముప్ఫై మంది నడుములు తాకట్టు పెట్టడం అంత దుర్మార్గం. ఒకరి తప్పు చూపించి ఇంకొకరి తప్పు కడుక్కోలేం.

పోయిన సోమవారం ఎర్ర కళ్ళజోడు మన ఫ్యాక్టరీ నివేదిక తెచ్చింది. "మీ దగ్గర మూడేళ్ళుగా తప్పులు సున్నా. అక్కడ పనిచేసేది మనుషులేనా?" అంది. అందరూ నవ్వారు. మెచ్చుకోలు నవ్వు కాదది. నాకు చెవులు కాలిపోయాయి. లేచి గోడ దగ్గరికెళ్ళి పెన్ను తీసుకున్నాను.

రాశాను. నాలుగు 'లైను ఖాళీ' కాగితాల మీద చూడకుండా సంతకం పెట్టానని, అరవై సీసాలు తప్పు లేబుల్‌తో పోయాయని, ఒకావిడ ఉద్యోగం పోయేలా విచారణలో అబద్ధం చెప్పానని. దాని కింద 'ఇన్‌చార్జి అలాగే చేయమంది' అని కూడా రాశాను. ఎర్ర కళ్ళజోడు వెనకనుంచి చూసి, "ఆ వాక్యం నీది కాదు, కొట్టెయ్" అంది. ఒక గీత పెట్టి కొట్టేశాను.

పిన్ని ఊసెత్తలేదని దెప్పారుగా. ఎత్తాను. మీరెప్పుడెత్తుతారు?

మీ మరదలు


గాజు గది
మార్చి 15

అమ్మాయ్,

నీ పుస్తకం మన హాలుకి కూడా వచ్చేసింది. నువ్వు రాసిన పేజీ ఫోటో అక్కణ్ణుంచి మేనేజరుకి చేరిన నాలుగో రోజున గోడకి మేకు కొట్టారు. లావుపాటి అట్టలు, దారంతో కట్టిన పెన్ను, అంతా అక్కడి కొలతల ప్రకారమే. మేనేజరు అందర్నీ నిలబెట్టి, "ఇక భయం లేదు, మనసు విప్పి రాయండి, ఇది పెద్ద దేశాల పద్ధతి" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

మూడు రోజులు ఎవరూ రాయలేదు. నాలుగో రోజున కవలల తల్లి రాసింది. మూతల మిషన్ దగ్గర కాంట్రాక్టులో ఉండే పిల్ల, నీకు తెలుసు. "ట్రే జారి పన్నెండు సీసాలు పగిలాయి. నా తప్పు." గుండ్రటి అక్షరాలు, కింద పేరు. సాయంత్రానికి మెమో. శనివారానికి కాంట్రాక్టు పొడిగించలేదు. సోమవారం ఆ పేజీ చదవడానికి ఆ పిల్ల లేదు. ట్రే ఎందుకు జారిందని అడగడానికి ఎవరికీ నోరు లేవలేదు. పైన ఏసీ పైపు ఏడాదిగా కారుతోంది, నేల తడి. అది ఎవరి తప్పు కింద రాయాలో నీ ఎర్ర కళ్ళజోడుని అడిగి చెప్పు.

అక్కడ నువ్వు రాస్తే నిజాయితీ. ఇక్కడ ఆ పిల్ల రాస్తే రాజీనామా. అక్కడ రాసినవాణ్ణి తీసేస్తే మర్నాడు యూనియన్ వాళ్ళు గేటు మూసేస్తారు, కోర్టు వాళ్ళ పక్కనుంటుంది. అందుకే వాళ్ళకి తప్పు ఒప్పుకోవడం అంత ముచ్చటగా ఉంటుంది. నువ్వు పుస్తకం చూశావు, అది వేలాడుతున్న మేకు చూడలేదు.

ఇక నా సంగతి. నువ్వు కొట్టేసిన వాక్యాన్ని మేనేజరు పెద్దది చేసి నాకు చూపించాడు. గీత కింద నేను చక్కగా కనపడుతున్నాను. కొట్టేసినట్టూ ఉండాలి, చదవడానికీ ఉండాలి, బాగా నేర్చుకున్నావు. "మా మరదలు కొత్త చోట కంగారులో ఏదో రాసింది" అని నేనొక కాగితం ఇస్తే ఇది ఇక్కడితో ముగిసిపోతుందట. ఇంకా ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు.

నీ ఆడపడుచు


కంపెనీ వసతి గది
ఏప్రిల్ 2

వదినా,

కవలల తల్లి సంగతి సోమవారం బెల్టు ఆపిన పావుగంటలో చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది, కోపానికి వ్యాకరణం దొరకలేదు.

గళ్ళచొక్కా, "పుస్తకం పంపింది మంచికే. దాన్ని మీ మేనేజరు ఎలా వాడాడన్నది మీ లోపలి విషయం" అన్నాడు. నాలుగింటి మెయిలు కూడా మా లోపలి విషయమేనా అన్నాను. "అది తప్పు కాదు, ప్లానింగ్" అన్నాడు. తేదీ ముద్ర చూడకపోవడం తప్పు, ఒక హాలునిండా మనుషుల్ని రెండు రోజుల పనికి ఒక రోజిచ్చి తరమడం ప్లానింగ్. పెన్ను తీసి ఆయన చేతికిచ్చాను. తీసుకోలేదు. నేను రాద్దామంటే రూలొప్పుకోదు, ఇంకొకరి తప్పు రాయకూడదు. ఆ రూలు ఎవరికి పనికొస్తుందో ఆ క్షణాన తెలిసింది.

పెన్ను ఎర్ర కళ్ళజోడు తీసుకుంది. "అక్కడి నివేదికల్లో మూడేళ్ళు సున్నా చూసి సంతకం పెట్టాను. నమ్మడం తేలికగా ఉంది" అని రాసింది. ఆ తర్వాత నాలుగు రోజులు భోజనాల గదిలో ఆవిడ బల్ల దగ్గర నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. వాళ్ళ యూనియన్ మనిషిని అడిగితే, మంచివాడే పాపం, "మీ పిల్ల మా సభ్యురాలు కాదు కదా" అన్నాడు.

కాబట్టి మేకు సంగతి మీరన్నది ఒప్పుకుంటున్నాను. వాళ్ళ మేకు వాళ్ళ గోడకే. కానీ మేకు లేదని చెప్పి మీరు ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నదేమిటి? గోడకి సున్నం వేస్తున్నారు. కవలల తల్లిని ఒక్క సంతకంతో తీసేశారు. ముప్ఫై ఏళ్ళ ఇన్‌చార్జిని, ఆరేళ్ళ మెయిళ్ళు దగ్గరున్న మనిషిని, అలా తీసేయగలరా? ఆ హాల్లో రాయగలిగిన మనిషంటూ ఉంటే మీరొక్కరే. మీకది తెలుసు, తెలుసు కనుకనే నన్ను తిడుతున్నారు.

ఆ కాగితం మేనేజరుకి ఇస్తే ఇవ్వండి. ఇచ్చాక నన్ను మరదలా అని పిలవకండి.


మా ఇంటి వసారా
ఏప్రిల్ 21

మరదలా,

పిలిచాను, చూసుకో.

గాజు గదిలో కాదు, ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. గాజు గది తాళాలు మేనేజరు తీసుకున్నాడు. విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నారు. నువ్వు రెచ్చగొట్టావని చేశాననుకోకు. నీ మాట నేనెప్పుడు విన్నాను గనుక? ఆ పైపు కింద తడి తుడవమని ఇంకో పిల్లకి చెప్పబోయి, నా గొంతు నాకే అసహ్యమేసింది.

ఆదివారం పిన్ని ఇంటికెళ్ళాను. తలుపు తీసి, "ఏం ఇన్‌చార్జమ్మా, ఇంకా ఏమైనా పోగొట్టాల్సింది మిగిలిందా?" అంది. సోమవారం నా వెంట హాలుకి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు, చెప్పులేసుకుని వచ్చింది.

పది గంటలకి బెల్టు నా చేత్తో ఆపాను. లైను ఖాళీ చేసి చూడటానికి ఏనాడూ దొరకని నలభై నిమిషాలు ఆ రోజు దొరికాయి. పుస్తకంలో రాశాను. ఆ రోజు నాలుగు కాగితాల మీద నేనూ నువ్వూ పొద్దున్నే సంతకాలు చేసేశామని. ఏమీ నింపని కాగితాల మీద కూడా ముందే సంతకం పెట్టి నీ డ్రాయర్లో ఉంచేదాన్నని. పాత చుట్ట ఇంకా మిషన్లోనే ఉందని పిన్ని నా దగ్గరికొచ్చి చెబితే, "కాగితం మీద ఖాళీ అని సంతకాలైపోయాయి, నువ్వేంటి కాదంటావు, కానీయ్" అన్నానని. అంతా రాసి గట్టిగా చదివాను.

పిన్ని దగ్గరికొచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, తనే ఇంకోసారి చదువుకుంది. "బావుందమ్మా. మీ మరదలు అక్కడ తన తప్పు రాసుకుంది, నువ్విక్కడ నీ తప్పు రాసుకున్నావు. ఇద్దరికీ బరువు దిగింది. నేను తప్పు చేయలేదని ఏ పేజీలో ఉంది?" అంది.

"ఇందులో ఎవరి తప్పు వాళ్ళే రాయాలి పిన్నీ. అదీ రూలు" అన్నాను.

"తప్పు చేయనివాళ్ళు ఎక్కడ రాయాలో చెప్పే రూలు లేదా?"

మూతల మిషన్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. నేను మళ్ళీ పెన్ను తీసుకున్నాను. ఈసారి నా తప్పు కాదు, పిన్ని సంగతి రాశాను. చుట్ట ఉందని చెప్పింది ఆవిడ, ఆపమన్నది ఆవిడ, ఆవిడ తప్పేమీ లేదని. ఆ రోజు లైను మీద ఉన్నవాళ్ళు ఏడుగురు ఒక్కొక్కరే వచ్చి సంతకాలు చేశారు. మేనేజరు పరుగెత్తుకొచ్చేసరికి పేజీ నా జాకెట్లో ఉంది.

పిన్ని ఒక్క మాట మీద మాత్రం దిగి రావడం లేదు. చుట్ట సంగతి నోటితో చెప్పడమే కాదు, కాగితం మీద రాశాను కూడా, అంటుంది. "నువ్వు కళ్ళతో చూసిన కాగితం నాది కాదు" అంటుంది. ముసలితనపు మంకుపట్టు అనుకుందామంటే, ఇన్నేళ్ళుగా ఆవిడ చెప్పిన మిగతా మాటలన్నీ నిజమయ్యాయి.

లేబర్ ఆఫీసులో ఆవిడ వాయిదా మే 24. ఇదే ఆఖరిదట. లైను ఖాళీ కాగితానికి సంతకాలు రెండు. నాదొకటే ఉంటే, ఇంటి కక్షతో ఆడపడుచు మరదలి మీద రాసిందని కొట్టేస్తారు. అసలు పేజీ దీంతో పంపుతున్నాను, నకలు తీసుకున్నాను. అడుగున నీ సంతకానికి చోటు వదిలాను. పెడితే నీ మచ్చలేని రికార్డు పోతుంది, ఆ స్టూలూ పోతుంది. పెట్టకపోతే పిన్ని పోతుంది.

ఈసారి చదివి పెట్టు.

నీ వదిన


కంపెనీ వసతి గది
మే 2

వదినా,

పేజీ అందింది. రెండుసార్లు చదివాను. మూడో వరసలో తప్పుంది. ఆ రోజువి నాలుగు కాగితాలని రాశారు. అయిదు.

విచారణకి ఆ రోజు కాగితాలు తీసిమ్మంటే, మూడో కాగితం అడుగున, ఎవరూ ఏమీ రాయని రిమార్కుల గడిలో, పిన్ని దస్తూరీ కనపడింది. "కంటి మందు చుట్ట మిషన్లోనే ఉంది. ఇన్‌చార్జికి చెప్పాను. కానీయ్ అన్నారు." మీరు సంతకం పెట్టి ఉంచిన ఖాళీ కాగితాలు నా డ్రాయర్లో అరడజను ఉన్నాయి. ఒకటి తీసి, నింపి, నా సంతకం చేసి, దాని స్థానంలో పెట్టాను. విచారణలో మీరు కళ్ళతో చూసింది దాన్ని. మిమ్మల్ని కాపాడానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. దాని మీద నా సంతకం కూడా ఉంది కదా, కాపాడుకుంది నన్ను. ఇక్కడ గోడ మీద పుస్తకంలో నేను నాలుగని రాసినప్పుడు అందరూ నా ధైర్యానికి చేతులు కలిపారు. అయిదోది అప్పుడు కూడా నా గొంతులోనే ఉంది.

పాతది చింపడానికి చేతులు రాలేదు. మా బీరువా అడుగు అరలో, పరిచిన పేపరు కింద ఉంది. తాళం మీ తమ్ముడి దగ్గరుంది. తీయించి పిన్ని చేతికే ఇవ్వండి. మీ చేతిలో వద్దు, నా చేతిలో అసలే వద్దు.

ఇరవై నాలుగున నేనూ వస్తున్నాను. సెలవడిగితే ఎర్ర కళ్ళజోడు కారణం అడగలేదు. నేనే చెప్పాను. స్టూలు నాకు దూరంగా లాక్కుని తన సీసాల పని తను చూసుకుంది.

పేజీలో నాలుగు కొట్టేసి అయిదు చేశాను. అయిదోదాని సంగతంతా పక్కన నా చేత్తో రాశాను. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగానే ఉంచాను. మీరు వదిలిన చోటు చాలలేదు, కాగితం అంచుమీదికి పోయింది సంతకం.

చదివే పెట్టాను.

మీ మరదలు